బాబుగారి గట్టు

జూన్ 1

ఇవాళ కొండగేటు దాటాను. పల్లం నుంచి పైకి వెళ్ళేవాళ్ళందరికీ చేతికి మర్యాదపట్టీ వెయ్యడం ఇక్కడి నియమం. చల్లగాలి కోసం బస్సుల్లో వచ్చిన జనం ఒకప్పుడు ఈ కొండల్ని ఏం చేశారో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ కాదనరు. గట్టిగా మాట్లాడినా, మనిషి వైపు వేలు చూపించినా, అడక్కుండా కొమ్మ విరిచినా పట్టీ జుయ్యిమంటుంది. ఏ తప్పూ లేకపోతే సాయంత్రానికి పచ్చచుక్క వెలుగుతుంది. పట్టీ వేసిన ఆవిడ నన్నోసారి పైనుంచి కిందికి చూసి, మీకు దీంతో పెద్ద పనుండదు లెండి అంది. మెచ్చుకుందనే రాసుకుంటున్నాను.

నా పేరు తవిటయ్య. పంపులు బాగుచేస్తాను. నాకెవరూ నేర్పలేదు, పాడైన పంపులే నేర్పాయి. మా మెట్టకాలనీ పెద్ద వరహాలమ్మగారు ఈ పనికి నన్నే ఎంచింది. తెలివైనవాణ్ణని కాదు. నోరు లేనివాణ్ణి పంపితే తగువులు రావని.

పని ఇది. పైన నీలిబంద అనే ఊళ్ళో నల్లచోడి ఉంది. ఎంత ఎండ కాసినా గింజ పట్టే చోడి, అంటే రాగి. ఆ విత్తనం అడిగి తేవాలి. పల్లంలో వానబోర్డు తేదీల ప్రకారం కురిపిస్తేనే వాన, ఈ నెల ఇరవయ్యారున మా వంతు. ఆ రోజుకి మా నేలలో విత్తనం పడి ఉండాలి. నేల ఖాళీగా కనిపిస్తే వానబోర్డు మా వంతు పక్క కాలనీకి రాసేస్తుంది. కంపెనీ గింజ రెండేళ్ళు వరసగా మాడిపోయింది. మూడోసారి కూడా వంతు వృథా అయితే కాలనీ ఎత్తేసి మమ్మల్నందర్నీ తీరంలో శిబిరాలకి తోలేస్తారు. కొండ దిగడానికి ఒక పగలు, కాలనీ చేరడానికి ఒక రాత్రి, విత్తడానికి ఒక రోజు. అంటే ఇరవై నాలుగు పొద్దున్నే నేను పైనుంచి బయల్దేరి తీరాలి.

జూన్ 2

నీలిబంద చేరేసరికి మధ్యాహ్నం. మా పల్లంలో ఆ వేళకి ఒక్క ప్రాణీ మెలకువగా ఉండదు. ఎండకి జడిసి పగలు పడుకుని, పొద్దు గూకాక పొలానికి పోవడం మాకు పుట్టినప్పటి నుంచీ అలవాటు. ఇక్కడ పట్టపగలు జనం పని చేసుకుంటున్నారు. పిల్లలు ఎండలో ఆడుకుంటున్నారు. అది చూసి నాకు భయం వేసింది, తర్వాత సిగ్గేసింది, తర్వాత నిద్ర వచ్చింది.

ఊరిపెద్ద సుకురు నా ఈడువాడే. పనసచెట్టు కింద చాప వేయించి, కూకోండి బాబుగారూ అన్నాడు. ఊరి సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు. నేను చాలా శ్రద్ధగా వింటూ నిద్రపోయాను. లేచేసరికి నా మీద దుప్పటి ఉంది, నా గురకకేమో పట్టీ జుయ్యిమంటోంది, సుకురు లేడు. ఒక కోడి ఉంది.

నాకు పాత సెల్ టవరు గది ఇచ్చారు. అది అతిథుల గదట. టవరుకి ఇప్పుడు పైనుంచి కింది దాకా మంచువల కట్టారు. తెల్లవారుజామున మంచు ఆ వలకి పట్టి, కారి, రాతితొట్టిలో పడుతుంది. ఊరంతా ఆ నీళ్ళే. బోర్డు పంపని నీళ్ళు చూడడం నాకిదే మొదటిసారి. తొట్టి దగ్గర వంతు తేదీల పలక ఉంటుందేమోనని వెతికాను. లేదు.

జూన్ 4

ఇక్కడ అతిథికి పూటకొక ఇంట్లో భోజనం. పట్టీ చిన్నగా చెవిలో చెబుతుంది కూడా: గిన్నెలో చివరి ముద్ద వదిలితే కడుపు నిండిందని గౌరవంగా చెప్పినట్టు. అలాగే వదిలాను. నాలుగిళ్ళలో వదిలాను.

నాలుగో ఇల్లు బుద్రిది. నాకంటే పెద్దది, మాట తక్కువ మనిషి. ఈ ఊరి విత్తనం ఆవిడ చేతిలోనే ఉంటుందని తెలిసి, ఆవిడింట్లో ఇంకాస్త ఎక్కువ వదిలాను. ఆవిడ నా గిన్నె చూసింది, నన్ను చూసింది, ముద్ద తీసి కోళ్ళకి వేసింది. కోళ్ళు ఏమీ వదల్లేదు.

సాయంత్రం బుద్రి కోడలు మంగ్లి తొట్టి దగ్గర కనిపించి, మా వంట మీకు సయించడం లేదా బాబుగారూ అని అడిగింది. ఇక్కడ ముద్ద వదలడమంటే తినలేకపోయామని అర్థమట. ఊళ్ళో నాలుగిళ్ళవాళ్ళు నాకేం పెట్టాలో తెలీక ఒకరినొకరు అడుగుతున్నారట. పట్టీని అడిగితే ఆ నియమం అన్ని పర్వత ప్రాంతాలకీ వర్తిస్తుందని చెప్పింది. ఎక్కడి కొండల దగ్గర నేర్చుకుందో మరి. పచ్చచుక్క మాత్రం వెలిగింది.

జూన్ 6

నిన్నా ఇవాళా గిన్నె నాకినంత పని చేశాను. ఇప్పుడు నన్ను ఆకలిగొట్టువాణ్ణనుకుంటున్నారు. రెండింతలు పెడుతున్నారు.

మిగతా విషయాల్లో నా మర్యాదకి లోటు లేదు. పిలిస్తే తప్ప గుమ్మం ఎక్కను. చెబితే తప్ప కూర్చోను. దారిలో ఎవరెదురొచ్చినా పక్కకి తప్పుకుంటాను. నేను కనిపిస్తే మాట్లాడుకుంటున్నవాళ్ళు లేచి నిలబడతారు, నవ్వుకుంటున్నవాళ్ళు నవ్వాపేస్తారు, ఎవరో ఒకరు చాప తేవడానికి పరిగెత్తుతారు. అంటే నా వల్ల ఊరికి రోజూ చాపలు మోసే పని. సుకురుని వాన ఎప్పుడొస్తుందని అడిగాను. వచ్చినప్పుడొస్తాది బాబుగారూ అన్నాడు. తేదీ చెప్పకూడని ఆచారమేమోనని మళ్ళీ అడగలేదు.

జూన్ 8

ఇవాళ అడిగేశాను. రెండు రోజులుగా మనసులో అనుకున్న వాక్యం. బుద్రి ఇంటి బయట నిలబడి, కాలనీ సంగతీ వాన వంతు సంగతీ శిబిరాల సంగతీ ఒక్క గుక్కలో చెప్పి, నల్లచోడి కావాలన్నాను. నేను ఏడాదికి మాట్లాడేది అక్కడే ఖర్చయిపోయింది.

ఆవిడ చివరిదాకా వింది. జాలిపడింది కూడా, మొహంలో కనిపించింది. తర్వాత అంది:

"పదేళ్ళ కిందట ఒక బాబు ఇలాగే వొచ్చినాడు. మీకన్నా మర్యాదస్తుడు. గట్టిగా ఒక్క మాట ఆడలేదు. పిడికెడు గింజ పట్టుకెళ్ళినాడు. మూడో ఏడు అదే గింజ రంగు సంచుల్లో పోసి, మాకే అమ్మడానికి తెచ్చినాడు. మా విత్తనం మేం దాచుకోకూడదని కాయితం కూడా తెచ్చినాడు."

నేను అలాంటివాణ్ణి కాదన్నాను. ఆ బాబు కూడా అదే అన్నాడని చెప్పింది. అతిథికి అన్నం పెడతాం, విత్తనం మాత్రం మావాళ్ళకే ఇస్తాం అని లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి మంగ్లి నాకు చాప తెచ్చి వేసింది.

జూన్ 9

తపాలా డ్రోను వచ్చింది. వరహాలమ్మగారి ఉత్తరం ఒకటే మాట: "గింజ?"

మర్యాదగా ప్రయత్నిస్తున్నానని రాసి పంపాను.

జూన్ 10

జవాబు వచ్చింది. "మర్యాద నానబెడితే మొలుస్తుందా?"

జూన్ 11

ఇది రాయాలని లేదు. అయినా రాస్తాను.

పొద్దున్న మెట్ల మడుల పక్కనున్న సన్నదారిలో పోతున్నాను. కొండవాలంతా మెట్లుగా కోసి, మెట్టుకో మడి, మడికో రాతిగట్టు. ఎదురుగా బుద్రి నెత్తిన కట్టెలమోపుతో వస్తోంది. దారి ఇద్దరికీ సరిపోతుంది. మామూలు మనిషైతే కాస్త ఒరిగి తప్పుకునేవాడు. నేను దారి మొత్తం ఆవిడకే వదిలేద్దామని పక్కనున్న గట్టు మీదికి ఎక్కాను. ఆవిడ వద్దు వద్దన్నట్టు చెయ్యి ఊపింది. ముందు మీరే వెళ్ళండి అంటోందనుకుని, ఫరవాలేదండీ అంటూ ఇంకో అడుగు వెనక్కి వేశాను.

గట్టు నాతో పాటు కిందికి వచ్చేసింది.

నాకు మోకాలు గీసుకుంది, అంతే. కింద ఉన్నది నారుమడి. బుద్రి వేసిన నల్లచోడి నారు. ఊరంతటికీ ఈ ఏటి నాట్లు అందులోంచే. దాని మీద ఇద్దరు మనుషుల పొడుగున రాళ్ళూ మట్టీ, పైన నేను. పట్టీ మోగలేదు. గట్టు కూలగొట్టడం దాని జాబితాలో ఉన్నట్టు లేదు. సాయంత్రం పచ్చచుక్క కూడా వెలిగింది. దాని మీద చొక్కా చేతిని లాగేసుకున్నాను.

ఆవిడ మోపు దింపి, రాళ్ళ కిందనుంచి నారు ఒక్కో మొలకే తీయడం మొదలుపెట్టింది. మంగ్లి వచ్చింది, ఇంకా నలుగురొచ్చారు. నేను చెయ్యి వెయ్యబోతే తొక్కుతావు, అక్కడే ఉండు అంది బుద్రి. మొదటిసారి నన్ను నువ్వంది.

జూన్ 12

ఊరంతా పనస కింద కూర్చున్నారు. నాకు చాప వెయ్యలేదు. నేలమీదే కూర్చున్నాను.

ఇక్కడ తప్పు జరిగితే, చేసినవాడే లేచి ఏం చేశాడో చెప్పాలి. దానికేం కడతాడో కూడా వాడే చెప్పాలి. తర్వాత ఊరు బేరమాడుతుంది. నేను లేచాను. జరిగింది చెప్పాను. నా సోలారు పొయ్యి, పనిముట్ల పెట్టె, బూట్లు, రెండు జతల బట్టలు ఇచ్చేస్తానన్నాను. చాలా ఇస్తున్నాననుకున్నాను. ఒక్కసారి గోల రేగింది. అందరూ అరుస్తుంటే పట్టీ ఆగకుండా జుయ్యిమంటోంది. నేనొక్కణ్ణే నోరు మూసుకుని ఉన్నాను, మోత మాత్రం నా చేతిలోంచే.

గోల ఎందుకో సుకురు చెప్పాడు. సామాన్లు పారేసి పోదామనుకుంటున్నావా, గట్టెవరు కడతారు, నీ బూట్లు కడతాయా అన్నాడు. నారింకా బతికే ఉంది. మంగ్లీ వాళ్ళూ మూడొంతులు బాగుచేసి నాటారు. పైన గట్టు లేకపోతే మొదటి వానకి మట్టంతా జారి దాన్ని కప్పేస్తుంది. కాబట్టి గట్టు నేనే కట్టాలి. కట్టాక ఒక వానకి ఆగితేనే తప్పు తీరినట్టు.

వాన ఎప్పుడొస్తుందని మళ్ళీ అడగబోయి ఊరుకున్నాను. ఇరవై నాలుగుకి నేను వెళ్ళిపోవాలి. ఈ మాట మాత్రం చెప్పాను. బుద్రి నా వైపు చూడకుండానే, ఎల్లేవోణ్ణి ఎవరూ కట్టీయరు అంది.

జూన్ 14

రాళ్ళు మోశాను. పంపు విప్పితే ఏ మర ఎక్కడిదో నాకు కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. రాళ్ళకి అలాంటిదేం లేదు. ప్రతి రాయీ పక్కరాయిని చూసి మొహం తిప్పుకుంటుంది. మధ్యాహ్నానికి మోకాలెత్తు కట్టాను. సుకురు వచ్చి కాలితో మెల్లగా తోశాడు. మొత్తం కూలింది. చాలా మర్యాదగా తోశానే అన్నాడు. వెనకాల పదిమంది నవ్వారు.

పట్టీలోకి మట్టి దూరింది. మూగబోయింది.

జూన్ 17

సుకురు నన్ను బావా అంటున్నాడు. ఎప్పుడు మొదలుపెట్టాడో గమనించలేదు. ఏం బావా, రాయి పెడుతున్నావా, పిల్లని జోకొడుతున్నావా అంటాడు. మంగ్లి మామా అంటుంది. అంబలి మడి దగ్గరికే తెచ్చి పెడుతోంది, ఒకటే గిన్నె, దించి వెళ్ళిపోతుంది. చాప లేదు. రాయిని ఎలా పట్టాలో ముగ్గురు మూడు రకాలుగా చూపించారు, ముగ్గురూ నా ముందే దెబ్బలాడుకున్నారు. నేను కనిపిస్తే నవ్వు ఆపేవాళ్ళు, ఇప్పుడు నేను కనిపించగానే మొదలుపెడుతున్నారు.

పగటి నిద్ర పోయింది. సాయంత్రమైతే చాలు, చెక్కలా పడిపోతున్నాను. మా కాలనీలో ఆ వేళకి అందరూ లేచి మొహాలు కడుక్కుంటారు.

విత్తనం సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

జూన్ 20

బుద్రి వచ్చి గట్టంతా చేత్తో తడిమి చూసింది. రాళ్ళ మధ్య సందులు వదులు, మట్టితో కప్పకు, లోపలి నీళ్ళు అందులోంచే పోవాలి అంది. అలాగేనన్నాను. ఇక ఇద్దరు మనుషుల వెడల్పు మిగిలింది.

వరహాలమ్మగారి ఉత్తరం ఇవాళ కాస్త పొడుగు. బోర్డువాళ్ళు వచ్చి ఖాళీ నేల ఫోటో తీసుకుపోయారట. రవణమ్మ ఇంట్లో సామాన్లు మూటగడుతున్నారట. ముందే కట్టుకుంటే శిబిరంలో గోడవారన చోటు దొరుకుతుందని. రవణమ్మ మా అక్క కూతురు. తనకి నెలలు నిండాయి.

జవాబు రాయలేకపోయాను. రాతిపనికి వేళ్ళు వాచాయని నాకు నేనే కారణం చెప్పుకున్నాను.

జూన్ 22

గట్టు పూర్తయింది. వాన లేదు. ఆకాశం కడిగిన గిన్నెలా ఉంది.

సాయంత్రం ఒక్కణ్ణే కూర్చుని నా గట్టు చూసుకున్నాను. చివర కట్టిన భాగం అన్నిటికంటే బాగా వచ్చింది. అన్నీ సందులే అయినా. అందులోంచి వెలుతురు కూడా కనిపిస్తోంది. పంపులవాడికి సందు కనబడితే ప్రాణం ఊరుకోదు. ఇరవై ఏళ్ళుగా నేను చేసిన పనల్లా కారేదాన్ని కారకుండా చెయ్యడం. చుట్టుపక్కల ఎవరూ లేరు. బంకమట్టి తెచ్చి, ఆ ఇద్దరు మనుషుల వెడల్పూ నున్నగా పూసేశాను. చాలా తృప్తిగా ఉంది.

జూన్ 23

మధ్యాహ్నం వాన వచ్చింది.

నేను చూసిన వానలన్నీ బోర్డు వానలే. గంట కొట్టి మొదలవుతాయి, హద్దురాళ్ళ మధ్యే పడతాయి, గంట కొట్టి ఆగుతాయి. ఇది అలా కాదు. ముందు చీకటి, తర్వాత గాలి, తర్వాత కొండంతా ఒకేసారి మోగింది. ఎవరి నేలమీద పడాలో దానికెవరూ చెప్పలేదు. నేను గట్టు దగ్గరికి పరిగెత్తాను.

ముప్పాతిక గట్టు నిలబడింది. సందు సందులోంచీ ఎర్రనీళ్ళు ధారలు కడుతున్నాయి, రాయి కదల్లేదు. నేను పూసిన చోట మాత్రం ఒక్క చుక్క బయటికి రాలేదు. గట్టు గర్భిణి పొట్టలా ముందుకొచ్చింది. వీపు ఆనించి నిలబడ్డాను. నా వీపుకి గట్టు ఆగుతుందని ఎందుకనుకున్నానో తెలీదు. నన్ను పక్కకి నెట్టి, నారు అంచు మీద పడింది.

సుకురు, మంగ్లి, ఇంకొందరు పరిగెత్తుకొచ్చి కొమ్మలూ తడికలూ అడ్డం పెట్టి మట్టి ఆపారు. వాన వెలిసేదాకా అందరం అలాగే వాటిని చేతులతో పట్టుకుని తడిశాం. నన్నూ ఒక తడిక పట్టుకోనిచ్చారు. అదే భరించలేకపోయాను.

జూన్ 24

బయల్దేరాల్సిన పొద్దు ఇదే. సంచి సర్దుకున్నాను. సర్దుకుని, భుజాన వేసుకుని, నారుమడి దగ్గరికి వెళ్ళాను. గొప్ప మనసుతో కాదు. విత్తనం లేకుండా దిగినా దిగకపోయినా కాలనీకి ఒకటే, పైగా ఒట్టి చేతులతో వరహాలమ్మగారి ఎదట నిలబడే ధైర్యం నాకు లేదు. మళ్ళీ వాన పడితే ఆ తడికలు ఆగవని మాత్రం తెలుసు. సంచి దింపి రాళ్ళేరడం మొదలుపెట్టాను.

ఎండెక్కాక జనం వచ్చారు. బుద్రి కూడా వచ్చింది. నన్నెవరూ అడగలేదు. లేచి నేనే చెప్పాను. సందులు వదలమన్నావు, అలాగేనని తలూపాను, మొన్న సాయంత్రం దొంగతనంగా మట్టి పూశాను, అదే పడింది, మిగతాది నిలబడింది అన్నాను.

సుకురు అడిగాడు.

"ఎందుకు పూసినావు బావా?"

"కారుతుందేమోనని."

సుకురు నేలమీద చతికిలబడి నవ్వాడు. గట్టు కారుతాదేమోనని అంటూ పక్కవాడికి చెప్పాడు, వాడూ విన్నాడు కదా, అయినా చెప్పాడు. మంగ్లి కొంగు నోట్లో కుక్కుకుంది. అది విని పై మళ్ళో వాళ్ళు ఏటైందని అరిచారు. వాళ్ళకీ చెప్పారు. నా గట్టు సంగతి కొండ ఎక్కిపోయింది.

బుద్రి ఒక్కతే నవ్వలేదు. ఇంటికి వెళ్ళిపోయింది. నేను వంగి రాళ్ళేరుకుంటున్నాను. తిరిగి వచ్చేసరికి ఆవిడ చంకలో పెద్ద ఆనపకాయ బుర్ర ఉంది, మూతికి మైనం పెట్టింది. వెనక మంగ్లి దగ్గర ఇంకోటి.

"ఆ బాబు ఒక్క తప్పూ సెయ్యలేదు," అంది. "మర్యాదగా వొచ్చినాడు, మర్యాదగా ఎల్లిపోనాడు. ఎక్కడని ఎతుకుతాం? నీ తప్పులు మా మళ్ళో పడున్నాయి. నువ్వెక్కడికి పోతావు?"

బుర్ర నా చేతుల్లో పెట్టింది. సంచుల్లో పొయ్యకూడదు, బోర్డువాళ్ళ గిడ్డంగిలో పెట్టకూడదు, ఎవరికిచ్చినా చేత్తో చేతికే ఇవ్వాలి అంది. పడ్డ గట్టు కోతలకి ముందు వచ్చి కట్టి పోవాలి. ఆలోగా తడికలు మార్చుకుంటూ తను ఆపుతుందట.

నాకు మాట రాలేదు. మామూలుగానే రాదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. అప్పటికే పొద్దెక్కిపోయింది, సాయంత్రానికి గేటు చేరలేనన్నాను. మీ బాబుల దారిలో చేరలేవు అన్నాడు సుకురు. అతిథులకి వేసిన దారి కొండ చుట్టూ తిరిగి వెళుతుంది. వాళ్ళ దారి తిన్నగా కిందికి పడుతుంది. సుకురు ఒక బుర్ర వీపున కట్టుకుని ముందు నడిచాడు. నేను సగం దూరం కాళ్ళ మీదా, సగం దూరం కూర్చునీ దిగాను. బుర్రకి దెబ్బ తగలనివ్వలేదు. మిగతా అన్నిటికీ తగిలింది. గేటు దగ్గర బుర్ర నాకప్పగించి, గింజ జాగర్త బావా, నువ్వెలా పోయినా ఫరవాలేదు అని వెనక్కి తిరిగాడు.

జూన్ 25

కాలనీ అంతా విత్తింది. రవణమ్మ వాళ్ళ మూటలు విప్పలేదు, రేపు చూసి విప్పుతారట. బుర్రలోంచి గింజ అందరి చేతుల్లోకీ నా చేత్తోనే పోశాను. సంచీ తెచ్చినవాణ్ణి కసిరాను. నేను కసరగా ఎవరూ ఎప్పుడూ వినలేదు. వరహాలమ్మగారు జ్వరం వచ్చిందా అని నుదురు ముట్టుకుని చూసింది.

జూన్ 26

గంట కొట్టారు. బోర్డు డ్రోన్లు వచ్చాయి. హద్దురాళ్ళ మధ్య మా వంతు వాన పడింది, గంట కొట్టగానే ఆగింది. బోర్డు మనిషి తడి నేలని ఫోటో తీసుకుని, మట్టి గీకి గింజ చూసి, సరేనని రాసుకుని వెళ్ళాడు. రవణమ్మ మూటలు విప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను గాని నా కళ్ళు ఉత్తరాన కొండల వైపే ఉన్నాయి. కొండలు కనబడడం లేదు. మబ్బు దిగి ఉంది.

గునపం భుజాన వేసుకుంటుంటే వరహాలమ్మగారు చూసింది. ఎక్కడికయ్యా, నిన్నే కదా వచ్చావంది. కొండమీద వాన పడుతోంది, తడికలు ఆగవు, గట్టు కట్టాలన్నాను. కోతలకి ముందన్నారని నువ్వే చెప్పావుగా అంది. అప్పటిదాకా ఆగితే రోజూ నన్ను తిట్టుకుంటారు, అదేదో వెళ్ళి ఎదటే తిట్టించుకుంటాను అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది.

"తిట్లు తినడానికి అంత సంబరమేంటయ్యా?"